ఇసుకలో ఆగిన కొత్త కారు

బోయిన్‌పల్లిలో మా వీధి మలుపు దగ్గర ఎవరో ఇల్లు కడుతూ సగం దారి దాకా ఇసుక పోయించారు. ఈ ఉదయం నన్ను బేగంపేటలో దింపడానికి కారెక్కించుకున్న పక్కింటి సుధాకర్ అన్న నేరుగా దాని మీదికే పోనిచ్చాడు. కొత్త ఆల్ వీల్ డ్రైవ్ కారు. ముందు సీట్లో ఆయన భార్య సునీత వదిన. ఆమెకు లైసెన్సు వచ్చి ఏడాది దాటినా ఆయన ఒక్కసారి కూడా స్టీరింగ్ ఇవ్వలేదు.

కారు ఇసుక మధ్యలో ఆగింది. అన్న ఆక్సిలరేటర్ తొక్కేకొద్దీ టైర్లు లోతుకు దిగాయి.

"ఇంక తొక్కకు, దిగబడ్తున్నది," అంది వదిన.

"నీకు తెల్వదు. దీనికి నాలుగు చక్రాలకూ పవర్ వస్తది."

"అందుకే నాలుగూ కలిసి దిగుతున్నయ్."

వదిన కిందికి దిగి, ఇసుకలో పట్టు దొరికేలా టైర్లలో కొంత గాలి తీసింది. చక్రాల ముందున్న ఇసుకను చేత్తో పక్కకు లాగింది.

"ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నవ్?" అన్నాడు అన్న.

"నువ్వు నడపనియ్యకపోతే వీడియోలు చూసుకుంట కూసున్న. జెర దిగు."

ఆయన దిగాడు. ఆమె స్టీరింగ్ తిప్పకుండా మెల్లగా పోనిచ్చింది. కారు బయటపడింది.

"ఇగ నేను నడుపుతా," అన్నాడు అన్న.

"గాలి తక్కువుంది, బంకు దాకా మెల్లగ పోవాలె. నువ్వు అటు కూసో."

అన్న ఎడమ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. బంకులో గాలి కొట్టించాక కూడా ఆమెను దిగమనలేదు. బేగంపేట దాకా వదినే నడిపింది, నేను పది నిమిషాలే ఆలస్యమయ్యాను.

మీ ఇంట్లో కారు తాళం ఎవరి దగ్గరుంటుంది? నిజం చెప్పండి.