పాలపుంత కోసం ఆర్పిన బల్బులు

ఆకాశాన్ని ఫోటో తీయబోయి భూమ్మీద నిండు పంటను పాడుచేసిన మనిషిని మీరు చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. అప్పుడే నవ్వకండి, సగం దాకా నేను చేసింది మీకు కూడా సబబుగానే కనిపిస్తుంది.

అప్పట్లో నేను మొయినాబాద్‌లో ఒక బడిలో కంప్యూటర్ సారుని. తోటి సారు ఒకాయన తన ఫోన్‌తో పాలపుంతను తీసి స్టాఫ్‌రూమంతా తిప్పి చూపించాడు. నాదీ అదే ఫోను. కానీ నేను ఎప్పుడు తీసినా ఆకాశం బొగ్గుల బస్తాలా వచ్చేది. "దానికి ఓపిక గావాలె సార్" అన్నాడాయన. ఆ మాట ముల్లులా దిగింది. పాలపుంతను తీసేదాకా స్టాఫ్‌రూములో టీ ముట్టనని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను. టీ లేకపోతే నేను ఎంత చిరాకు మనిషినో తెలిసినవాళ్లకే ఆ ఒట్టు బరువు అర్థమవుతుంది.

అదే వారం చేవెళ్ల పక్క ఊళ్లో ఉండే మా దావీదు కాక, అంటే మా బాపు తమ్ముడు, కబురు పెట్టాడు. కూతురి కాన్పుకని పది రోజులు వికారాబాద్ పోతున్నాడట, రాత్రుళ్లు చామంతి తోటలో నేను పడుకోవాలట. ఆ తోట మీద ఆయన ప్రాణం పెట్టుకున్నాడు. ఊళ్లో కొత్తగా కట్టిన చర్చికి అది మొదటి క్రిస్మస్. గుమ్మం నుంచి వేదిక దాకా తన తోట పూలతోనే నింపుతానని పాస్టరుగారికి అందరి ముందు మాటిచ్చాడు.

తోట పొడుగునా తీగలకు బల్బులు వేలాడుతుంటాయి. "రాత్రి పదింటికి ఎయ్యాలె, రెండింటికి బంద్ జెయ్యాలె. మర్చిపోకు బిడ్డా" అని చెప్పి కాక బస్సెక్కాడు. ఎందుకని నేను అడగలేదు. రైతు ఇంట్లో పుట్టి ఆ మాత్రం అడిగితే పరువు పోదా? అడవి పందుల్ని బెదరగొట్టడానికని నాకు నేనే తేల్చేసుకున్నాను.

ఇక నా తెలివి చూడండి. మొదటి రాత్రి ఫోటో తీస్తే బల్బుల వెలుగుకు తెరంతా తెల్లబారిపోయింది. పందుల కోసమే కదా ఈ లైట్లు, నిలువెత్తు మనిషిని నేనే తోటలో కూర్చున్నాక వీటితో ఏం పని అనుకున్నాను. స్విచ్ ఆపేశాను. ఆపి, నా బుర్రను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఫోను ముప్పై సెకన్లు కదలకూడదు. టమాటా డబ్బా బోర్లించి దాని మీద పెట్టాను. రెండో రాత్రి దోమ కుడితే డబ్బాను తన్నాను, చుక్కలన్నీ సేమియాలా సాగాయి. మూడో రాత్రి మంచుకు లెన్సు చెమర్చింది. నాలుగో రాత్రి కాక పెంచిన కుక్క వచ్చి ఆప్యాయంగా ఫోను నాకింది. ఆ తర్వాత రెండు రాత్రులు మొయినాబాద్ వైపు ఏ ఫామ్‌హౌస్‌లోనో దావత్ జరిగి, వాళ్ల లైటు ఆకాశమంతా చీపురులా ఊడ్చింది. అయినా నేను వదల్లేదు. మధ్యలో కాక ఫోన్ చేసి తోట మంచిగున్నదా అని అడిగితే, "జర గూడ ఫికర్ జెయ్యకు కాకా, రాత్రంత కన్ను మూస్తలేను" అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

తొమ్మిదో రాత్రి దక్కింది. పైన పాలు ఒలకబోసినట్టు చుక్కలు, కింద కాటుకలా నల్లటి తోట. మర్నాడు స్టాఫ్‌రూములో వరసగా మూడు టీలు తాగాను.

నెల తిరగకుండానే కాక నన్ను రమ్మన్నాడు. మొక్కలు మోకాలెత్తు కూడా లేవు, తోటంతా మొగ్గలు. క్రిస్మస్ చూస్తే ఇంకా రెండు నెలలు. "నర్సరీ ఆయన జల్ది పూసే మొక్కలు మార్చి ఇచ్చిండు రా, నడువ్" అంటూ నా బండెక్కాడు. షాబాద్‌లో ఉన్న ఆ నర్సరీ దాకా దారంతా ఒకటే గోడు. పాస్టరయ్యకు మొకం ఎట్ల సూపియ్యాలె అన్నదే ఆయన బాధ. నాకు ఒళ్లు మండిపోయింది. మా కాకను మోసం చేస్తారా అని చొక్కా చేతులు మడుచుకునే నర్సరీలో దిగాను.

నర్సరీ పెద్దమనిషి నిదానంగా అడిగాడు, రాత్రుళ్లు లైట్లు వేశారా అని. కాక రోజూ వేశామన్నాడు. ఒక్క రోజు కూడా తప్పలేదా అని ఆయన మళ్లీ అడిగేసరికి నేను ఊరుకోలేకపోయాను. మమ్మల్నే అనుమానిస్తాడా? ఫోను తీసి నా పాలపుంతను ఆయన ముక్కు ముందు పెట్టాను.

"ఇగో సూడుండ్రి. రాత్రంత తోటల్నే ఉన్న. గిది సాక్ష్యం."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. పైన కాదు, కింద.

"సుక్కలు మంచిగ వచ్చినయ్ బిడ్డా. మరి లైట్లేవి?"

అప్పుడు చెప్పాడు. చామంతికి రాత్రి పొడుగ్గా తోస్తే వెంటనే మొగ్గ తొడుగుతుందట. బల్బులు పెట్టి రాత్రిని తుంచితేనే పూత ఆగి, మొక్క ఎదిగి, మనం కోరిన నెలలో పూస్తుందట. నేను తొమ్మిది రాత్రులు దానికి నిండు చీకటి దగ్గరుండి మరీ చూపించాను.

"పందులకనుకున్న కాకా" అన్నాను.

"సుట్టూత కంచె ఉన్నది గదరా" అన్నాడు కాక. తిట్టలేదు, అదే పెద్ద బాధ. బండి దగ్గరికి వచ్చాక మాత్రం ఒక్కమాటన్నాడు. "మాట నేనిచ్చిన. పూలు నువ్వు తే."

ఆ పూలన్నీ నవంబరులోనే పూసి రాలిపోయాయి. క్రిస్మస్ ముందు వారమంతా బడి విడవగానే చామంతి తోటలన్నీ తిరిగాను. ప్రతి రైతూ అదే ప్రశ్న, మీ కాకకే తోట ఉన్నది గదా అని. ప్రతిసారీ కథంతా మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చేది. కడుపుబ్బ నవ్వి తలా ఒక గంప పూలిచ్చారు. చర్చి గుమ్మం నుంచి వేదిక దాకా నిండింది. చేవెళ్ల నుంచి షాబాద్ దాకా నా కీర్తి కూడా నిండింది.

పండగ రోజు కాక గుమ్మంలో నిలబడి పూలన్నీ కళ్లారా చూసుకున్నాడు. కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"ఫోటో తియ్యి బిడ్డా. లైట్లు మాత్రం ముట్టకు."

కాబట్టి పెద్దలందరి సమక్షంలో ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను, ఈ చేత్తో మళ్లీ ఏ లైటూ ఆర్పను. మా ఇంట్లో పడుకునే ముందు లైటు తీసే పని కూడా మా ఆవిడదే. ఒక్కోరోజు ఆమె మరిచిపోయి నిద్రపోతుంది. అప్పుడు తెల్లవార్లూ వెలుగులోనే పడి ఉంటాను, చామంతి మొక్కలాగా.