యాదమ్మ సున్నా బిల్లు

నా మాట ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. డ్రైనేజీ పొంగుతోందని రాశాను. షూటింగు వ్యాన్లు మా కృష్ణానగర్ సందుకు అడ్డంగా పెడుతున్నారని రాశాను. జవాబు లేదు. ఇన్నేళ్ళలో నేను ఇచ్చిన ఫిర్యాదుల్లో ఫలితం చూపించింది ఒక్కటే. అది అబద్ధం. అప్పటినుంచీ గుండె మీద బండలా ఉంది. మీకు చెబితేనైనా కాస్త ఊపిరాడుతుందేమో.

మా కింది గదిలో యాదమ్మ, వాళ్ళమ్మ ఉంటారు. సినిమా దుస్తులు ఇస్త్రీ చేయడం యాదమ్మ పని. నేను గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టును. ఒకరోజు ఫిల్మ్‌నగర్‌లో షూటింగు. నాకిచ్చిన కానిస్టేబులు చొక్కా నలిగి ఉందని గట్టిగానే అడిగాను.

"నువ్వు ఎన్కనే నిలబడ్తవు గదా అన్నా. నీ చొక్కా ఎవలు చూస్తరు?" అంది.

అందరూ నవ్వారు. ఆమె నవ్వుతూనే చొక్కా తీసుకుని ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఈ రెండో ముక్క నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేనూ చెప్పుకోలేదు.

ఆ రోజుల్లోనే, రెండువందల యూనిట్లలోపు వాడే పేదల ఇళ్ళకు ప్రభుత్వమే కరెంటు బిల్లు కట్టే పథకం వచ్చింది. మొదటి సున్నా బిల్లును యాదమ్మ సందంతా తిప్పి చూపించింది. నాకూ చూపించింది. వ్యాన్ వాళ్ళు దింపిన దుస్తుల మూటలు ఆమె గదిలో ఉండేవి కానీ, ఇస్త్రీ చేసేది లొకేషన్‌లోనే. ఆ సంగతి తెలిసే, ఇంట్లో ఇస్త్రీ దుకాణం నడుపుతోందని పేరు లేకుండా ఫిర్యాదు పంపాను. వారం తిరక్కుండా మనుషులు వచ్చారు. మూటలు చూశారు. ఇంటి మీటరును దుకాణం మీటరుగా మార్చేశారు. పథకం పోయింది.

ఆ ఎండాకాలమంతా వాళ్ళమ్మ ఫ్యాను ఆపేసుకుని, గుమ్మంలో అట్టముక్కతో విసురుకుంటూ కూర్చుంది. నేను ఆమెను దాటుకుంటూ మెట్లెక్కేవాణ్ణి.

"అన్నా, నీకు ఆఫీసులు ఎర్కే గదా. జర రాసియ్యి," అని యాదమ్మ నా దగ్గరికే వచ్చింది. రాసిచ్చాను. గుండ్రటి అక్షరాలతో, ఎందుకూ పనికిరాని నాలుగు మాటలు. ఆమె తెచ్చిన చాయ్ కూడా తాగాను. ఎలా తాగాను?

ఒక్క నవ్వుకు ఇంత శిక్షా అని నన్ను నేనే అడుగుతాను. అయినా ఆ నవ్వును మరచిపోయానని మీతో అనలేను. మరవలేదు.

పోయిన నెల యాదమ్మకు చెప్పేశాను. అప్పటినుంచీ మెట్ల మీద ఎదురైతే గోడవైపు జరిగి నిలబడుతోంది, అంతే. కరెంటు ఆఫీసుకూ వెళ్ళి, ఆ ఫిర్యాదు నాదేనని, అబద్ధమని, ఈసారి పేరు పెట్టి రాసిచ్చాను. చూస్తామన్నారు. మళ్ళీ వెళ్తే, ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు తమ దగ్గర లేదు కాబట్టి అది నాదని నమ్మలేమన్నారు.

నా అబద్ధానికి వారంలో మనుషులను పంపారు. నిజం చెప్పాక ఒక్కరినైనా ఎందుకు పంపరు? నన్ను ఏమైనా చేసుకోండి. ఆమె మీటరు సంగతి ఏం చేస్తారో చెప్పండి. అయ్యా, ఆ ఆఫీసుకు పై అధికారి మీరు, మిమ్మల్నే అడుగుతున్నాను. జవాబివ్వండి.