ఆవాస్ అంటే నేను చెప్పిన అర్థం

సింగపూరు తెలుగువాళ్ళలో అగ్నిపర్వతం నోట్లోకి తొంగి చూసి బతికి బయటపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట చాలా ఇళ్ళలో, చాలా భోజనాల దగ్గర చెప్పాను. కొన్ని ఇళ్ళలో నా బూట్ల అడుగులు కరిగాయి. పులిహోర బాగా కుదిరిన ఒక ఇంట్లో కనుబొమ్మలు కూడా కాలాయి.

జరిగింది ఇంతే. ఆఫీసువాళ్ళు మమ్మల్ని జావాకి విహారయాత్ర తీసుకెళ్ళారు. కొండ ఎక్కడో దూరాన, ఇడ్లీ పాత్ర మూత పక్కనుంచి ఆవిరి వచ్చినట్టు, కాస్త పొగ వదులుతోంది. బస్సు దిగి టీ తాగి, ఫోటోలు తీసుకుని మళ్ళీ బస్సెక్కాం.

నా కథకి అసలు ప్రాణం కొండ కాదు, దారి పక్కనున్న ఒక పాత బోర్డు. దాని మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఆవాస్’ అని ఉంది. వాళ్ళ భాషలో భూమిని బూమి అనీ, పేరుని నామా అనీ అంటారని అప్పటికే విని ఉన్నాను. ఇంకేముంది, ఇది మన ఆవాసమే, యాత్రికులు విడిది చేసే చోటు అని తేల్చేశాను. బోర్డుకి ఆనుకుని కూర్చుని ఫోటో కూడా దిగాను. బస్సు డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వి, ఆవాస్ అంటే జాగ్రత్త అని అర్థమనీ, కొండ రేగినప్పుడు ఆ మాట పెట్టారంటే మనుషులెవరూ అక్కడ ఉండకూడదనీ చెప్పాడు. సింగపూరు బోర్డుల మీద మలయ్‌లో ‘బహాయా’, తమిళంలో ‘అపాయం’ అని చూసి తప్పుకోవడం అలవాటైనవాణ్ణి. ఈ మూడో మాట నా దారికి ఎప్పుడూ అడ్డు రాలేదు.

డ్రైవరు చెప్పింది నాలోనే దాచుకున్నాను. కథలో ఆవాసమే బాగుంది మరి.

రెండువేల సంవత్సరం వస్తోందని కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం వస్తే చాలు, కంపెనీలు విమానం ఎక్కించి తెచ్చుకుంటున్న రోజులవి. తంజోంగ్ పగార్‌లోని మా ఆఫీసుకి అలా వచ్చినవాడే ఒక వరంగల్ కుర్రాడు. కొత్తగా పెళ్ళయింది. జురాంగ్ వెస్ట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆంగ్ మో కియోలోని మా ఫ్లాటుకి ఇద్దరినీ భోజనానికి పిలిస్తే, ఆ అమ్మాయి కంచంలో చెయ్యి ఆపి నా కథ విన్నది. అలా వినేవాళ్ళు దొరికితే నేను ఆగలేను. ఆవాసం దగ్గర ఒక రాత్రి పడుకున్నానని కూడా చెప్పాను.

“మొన్నటిదాకా కూర్చునే ఉన్నారు. ఇవాళ పడుకున్నారా?” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

కొన్నాళ్ళకి వాళ్ళిద్దరూ సెలవు పెట్టి ఆ కొండ చూడ్డానికే వెళ్ళారు.

శనివారం మధ్యాహ్నం ఫోను మోగింది. కుర్రాడు కొండ కింద ఊళ్ళో, గెస్ట్ హౌస్ నుంచి మాట్లాడుతున్నాడు. పొద్దుటినుంచి కొండ ఉరుముతోందట. బూడిద రాలడం మొదలైందట. ఊరివాళ్ళు పిల్లలతో సహా లారీలెక్కుతున్నారట. అతని గొంతులో మాత్రం ఏ బెదురూ లేదు. నన్ను బెదరగొట్టింది అదే.

“మాకేం ఫికర్ లేదంకుల్. పోలీసులు మా గల్లీ మొదట్లనే బోర్డు పెట్టిన్రు, ఆవాస్ అని. మీరు పండుకున్న జాగ అసొంటిదే గద. మేం ఈడనే ఉంటున్నం.”

ఆ ఊళ్ళో అర్థం వేరేలే అని ఏదో ఒకటి చెప్పి, పరువు దక్కించుకుంటూనే వాళ్ళని పంపించేయవచ్చా అన్న ఆలోచన వచ్చిన మాట నిజం. కానీ సగం మాట చెబితే సగమే కదులుతారు.

“అది ఆవాసం కాదు బాబూ. ఖాళీ చేసి పొమ్మని. నేనక్కడ పడుకోలేదు, ఫోటో దిగి బస్సెక్కాను. వెంటనే ఆ లారీ ఎక్కండి.”

 కుర్రాడు చాలా మర్యాదగా అడిగాడు: “ఇది నిజమా అంకుల్, లేకుంటే ఇది గూడ కథనా?”

 పక్కనే నిలబడి వింటున్న మా ఆవిడ ఫోను లాక్కుంది. “ఆయన చెప్పినవాటిల్లో ఇదొక్కటే నిజం నాన్నా. బయల్దేరండి” అంది.

ఇక కొండ రేగితే ఏం చేయాలో డ్రైవరు ఆనాడు బస్సులో చెప్పినవన్నీ నేను గుర్తు చేసుకుని అంటుంటే, ఆవిడ అటు అప్పజెప్పింది. తడిపిన తువ్వాలు ముక్కూ నోరూ మూసేలా కట్టుకోమంది. పొడుగు చేతుల బట్టలు వేసుకోమంది. అమ్మాయిని కళ్ళలో లెన్సులు తీసేసి కళ్ళజోడు పెట్టుకోమంది. బూడిద పేరుకుంటే కప్పులు కూలతాయి, రేకుల చూరు కింద నిలబడొద్దంది. వాగు వెంట అడ్డదారి ఎంత దగ్గరైనా అటు దిగొద్దని రెండుసార్లు చెప్పింది. మండే పొగైనా, వాన పడితే బురదైనా ఆ లోయ పట్టుకునే వస్తాయి. పోలీసులు చూపిన రోడ్డే దారి. ఫోటో కోసం వెనక్కి తిరగొద్దన్నది మాత్రం నేను సొంతంగా కలిపాను.

ఆ రోజంతా మా ఆవిడ నాతో మాట్లాడలేదు. నేనూ టీవీ ముందునుంచి లేవలేదు. మర్నాడు సాయంత్రం కుర్రాడు ఒక బడిలో పెట్టిన శిబిరం నుంచి ఫోను చేశాడు. ఇద్దరూ క్షేమం. వాళ్ళు వెళ్ళిన కాసేపటికే ఆ గెస్ట్ హౌస్ వరండా కప్పు బూడిద బరువుకి కుంగిపోయిందట. ముక్కు చీదితే సిమెంటు వస్తోందన్నాడు. మా ఆవిడ ఫోను పెట్టేసి, నాకు కాఫీ కలిపి ఇచ్చింది.

బూడిద మూలంగా విమానాలు ఆగిపోయి, తిరిగి రావడానికి నాలుగైదు రోజులు పట్టింది. ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా మా బ్లాకు కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటరుకి తీసుకొచ్చాం. ఆఫీసు కుర్రాళ్ళు ఇద్దరు ముందే వచ్చి, టిష్యూ ప్యాకెట్లు పెట్టి బల్ల ‘చోప్’ చేసి, అంటే మాకోసం పట్టి ఉంచారు. మా వరంగల్ కుర్రాడు చెప్పడం మొదలుపెట్టాడు. పరోటాలు వచ్చేసరికి బూడిద బూటు అంచుదాకా ఉంది. టీ వచ్చేసరికి మోకాళ్ళు దాటింది.

ఆ అమ్మాయి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరపెట్టి, “గింత. గింతనే ఉండె” అంది. తర్వాత తనే చెప్పుకొచ్చింది. లారీలో పక్కన కూర్చున్న ముసలమ్మ తన భుజమ్మీది గుడ్డ చింపి సగం ఈమె మొహానికి కట్టిందట. ఆ ఒక్కటీ ఏమీ పెంచకుండా చెప్పింది. బల్ల దగ్గర అందరం తినడం ఆపి విన్నాం.

కొండ చల్లబడ్డాక ఆ ముసలమ్మని చూడ్డానికి మళ్ళీ వెళ్తారట.

“మిమ్ముల్ని తోల్కపోం అంకుల్” అంది నాతో. “ఆంటీని తోల్కపోతం.”

మా ఆవిడ అప్పుడే ఒప్పేసుకుంది.