రాళ్లకంటే చిన్నదైన విశ్వం

1947లో నేను సిద్దిపేటలో ఒక హైదరాబాద్ దినపత్రికకు విలేకరిని. ఎవరూ ఎవరినీ నమ్మని రోజులవి. ఒక ఉదయం ఠాణా నుంచి కబురొచ్చింది, బడిపంతులు రాజయ్య ఇంట్లో పోలీసు లారీల రాకపోకల రహస్య పటం దొరికిందని. అంతకుముందు ఆయన పట్నంలో, నక్షత్రాలను పరిశీలించే వేధశాలలో లెక్కల గుమాస్తా. సాయంత్రం మోటారుకు ఆయన్ను హైదరాబాద్ జైలుకు పంపుతారన్నారు. నేను డిస్పాచ్, అంటే పత్రికకు పంపే వార్త, ముందే రాసుకుని వెళ్లాను.

ఠాణా అధికారి అమీన్ బల్ల మీద కాగితం పరిచాడు. చుక్కలు, వాటి నడుమ ఏటవాలు గీత, పక్కన అంకెలు.

"దూరం, వేగం అని రాసినవ్. ఎవరు పోతుండ్రు పంతులూ? లారీలా?"

"నెబ్యులాలు, అమీన్ సాబ్."

"నాతోని పరాచికాలా?"

రాజయ్య విడమరిచి చెప్పాడు. నెబ్యులాలంటే ఎంతో దూరాన మసకగా కనిపించే నక్షత్రాల గుంపులు. వాటి వెలుగులోని గీతలు ఎరుపు వైపు జరిగి ఉంటాయి. అది రెడ్ షిఫ్ట్. ఎంత జరిగితే అంత వేగంగా అవి మనకు దూరమవుతున్నట్టు. పరదేశాల్లో కొలిచిన అంకెలను ఆయన ఎత్తి రాసుకున్నాడట. అంత తడుముకోకుండా చెప్పడమే నాకు అనుమానంగా తోచింది.

"మరి గీ గీతేంది?"

"ఎంత దూరముంటే అంత జోరుగ పోతున్నయి సాబ్. ఎనుకకు లెక్కేస్తే అన్నీ ఒక్క జాగల ఉన్న కాలం దొరుకుతది. గదే సృష్టి వయసు. రెండు వందల కోట్ల ఏండ్లు అనుకోన్రి."

"గీడ ఎర్రసిరాతోని కొట్టేసినవేంది?"

పంతులు గొంతు తగ్గింది. "భూమి మీది రాళ్లు అంతకన్న పాతవంటున్నరు, పరీక్ష చేసినోళ్లు. ఏడాది సంది మళ్ల మళ్ల చేస్తున్న. కలుస్తలేదు."

"అంటే తల్లికన్న బిడ్డ పెద్దదా?"

"అట్లనే వస్తుంది. దూరాలు కొలిచినోళ్లది తప్పో, నాది తప్పో సమజైతలేదు."

అమీన్ పగలబడి నవ్వాడు. తర్వాత ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"ఇరవై ఏండ్ల సంది దొంగల మాటలు ఇంటున్న. అబద్ధమాడేటోడు లెక్క కలిపి తెస్తడు. నువ్వేమో కలువనిదాన్ని పట్టుకొని ఏడుస్తున్నవ్. పో, ఇంటికి పో." నా వైపు తిరిగాడు. "పేపరాయనా, నీదేం కథ?"

నా జేబులోని డిస్పాచ్‌లో అన్నీ కలిశాయి. పటం, గుర్తులు, లారీలు. దాన్ని అక్కడే చించేశాను.

కొన్నేళ్లకు, ఆ దూరాలనే తక్కువగా కొలిచారనీ, విశ్వం వయసు అంతకు రెట్టింపనీ వార్త వచ్చింది. సంబరపడతాడని పరుగున తీసుకెళ్లాను. రాజయ్య అద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

"ఎవరు కొలిచిన్రు? ఎట్ల కొలిచిన్రు?" అన్నాడు.

ఆ రెండూ అడగకుండా ఆ తర్వాత నేను ఏ వార్తా పంపలేదు.