సామి లేని పటం

గుడియాత్తంలో మా మగ్గాలకు పని తగ్గిపోయిన రోజుల్లో నాన్న వేలూరులో ఇళ్ల పనికి వెళ్లేవాడు. అక్కడి సత్తువాచారిలో అప్పుడు పాత ఇళ్లు పడగొట్టి మేడలు కడుతున్నారు. అలా కూలుస్తున్న ఒక ఇంట్లో రంగులతో గీసిన పటం ఉంటే, ఇంటివాళ్లు తీసుకోమన్నారట. దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చాడు.

పటంలో ఒక ఆడమనిషి. తలంటుకున్న జుట్టు వీపు మీద వదిలేసి, కూర్చుని చేతులు జోడించింది. ముందు ప్రమిద, కొన్ని మందారాలు. ప్రమిద వెలుతురు గడ్డం మీదుగా పైకి పాకి, మూసిన రెప్పల దగ్గర ఆగిపోతుంది. వెనకంతా నల్లటి రంగు.

మా అవ్వ దగ్గరికొచ్చి పటమంతా వెతికింది.

“సామి యాడప్పా? మొక్కేదాన్ని తెచ్చినావు, ఆయన్ని ఆడే వదిలేసి వచ్చినావా?”

నాన్న నవ్వాడు. “అట్లే గీసుండారమ్మా. నేనేం చేసేది?”

అమ్మ నవ్వలేదు. అంతకు ముందు ఏడాది మా చెల్లెలు జ్వరంతో పోయింది. అప్పటి నుంచి అమ్మ దీపం వెలిగించలేదు. పటాన్ని దేవుడి మూలలో పెట్టడానికి అవ్వ ఒప్పుకోకపోవడంతో మగ్గం ఎదుటి గోడకు తగిలించారు. నేస్తూ తలెత్తితే అమ్మకు అదే కనబడేది.

ఒక మధ్యాహ్నం అమ్మ మగ్గం ఆపి నన్ను పిలిచింది. “ఆ యమ్మ ఏమన్నా అడగతా ఉండాదా, చూసి చెప్పు.”

చాలాసేపు చూశాను. పెదవులు బిగించి లేవు. కనుబొమల మధ్య ముడత లేదు. ఏడ్చి ఏడ్చి మొహం కడుక్కున్న మనిషిలా ఉంది.

“ఏమీ అడగతా లేదమ్మా.”

“నాకూ అట్లే ఉండాది. అడిగేదంతా అయిపోయినాక కూచున్నట్టు.”

ఎవరు గీశారో తెలియదు. దేవుణ్ణి గీయడం మరిచిపోయారని మాత్రం అనుకోను. గీసి ఉంటే మా కళ్లన్నీ అటే పోయేవి, ఆమె మొహం ఎవరమూ చూసేవాళ్లం కాదు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి పటం కింద ప్రమిద వెలుగుతోంది. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. చేతులు జోడించలేదు, ఒళ్లో పెట్టుకుంది.

“మొక్కుతా ఉండావా అమ్మా?”

“లేదు, సుమ్మా, ఊరికే కూచున్నా. ఆమె ఒక్కతే ఉండాది గదా.”

నేనూ కూర్చున్నాను. అవ్వ కూడా వచ్చి గోడకు ఆనుకుంది. ఏడాదిగా మా ఇంట్లో ఎవరూ చెల్లెలి ఊసెత్తలేదు. ఆ రోజు అమ్మే ఎత్తింది.

“అది ఉండింటే ఈపాటికి దీపం ఊదేసుండేది,” అంది.

అని నవ్వింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.