అద్దె ఇంటి గుంటడు

మొన్న మా మేడమీది వాటా చూడటానికి ఓ కొత్త జంట వచ్చారు. ఇద్దరికీ అరకులోనే ఉద్యోగాలు, ఇద్దరికీ కలిపి ఓ కుక్క. ఈ రోజుల్లో ఇంటికోసం వచ్చేవాళ్ళు ముందు నీళ్ళెలా వస్తాయి, సిగ్నలు ఉందా అని అడుగుతారు గానీ, వీళ్ళు గుమ్మంలో చెప్పులైనా విడవకుండా కుక్క సంగతే చెప్పుకొచ్చారు. దానికి సూదులన్నీ వేయించామని, బయటికి తీసుకెళ్తే అది చేసిన మురికి కవర్లో ఎత్తి తెస్తామని, రాత్రిళ్ళు అరవదని, పాపం పెళ్ళిచూపుల్లో పిల్ల గుణగణాలు ఏకరువు పెట్టినట్టు చెప్పారు. అంతా బాగానే విన్నాను. చివర్లో ఆ అబ్బాయి నన్ను ఇంకాస్త ఒప్పిద్దామనుకున్నాడో ఏమో, పగలంతా గొలుసుతో కట్టేసే ఉంచుతామండీ, మీకేమీ భయం లేదు అన్నాడు. నాకెక్కడలేని కోపమూ వచ్చింది. కట్టెయ్యక్కర్లేదు, గేటు వేసుకోండి చాలు అని నేను కసిరిన తీరుకి ఇద్దరూ బిత్తరపోయారు. ఇల్లు ఇచ్చేశాను లెండి. వాళ్ళు వెళ్ళాక మాత్రం ఎప్పటిదో ఒక గొలుసు గుర్తొచ్చింది.

పెళ్ళైన కొత్తలో మా ఆయనకి గూడెం కొత్తవీధిలో గుమాస్తా ఉద్యోగం, నాకక్కడే బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పే పని. ఏజెన్సీకి బదిలీ అంటే చుట్టాలంతా వచ్చి ఏడ్చి పంపించే రోజులవి, మా తరంవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. తీరా వెళ్ళి చూస్తే మనుషులు బంగారం, దొరకనిదల్లా ఇల్లొక్కటే. ఆఖరికి శ్రీకాకుళం వైపునుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఒకావిడ తన ఇంటి వెనక రెండు గదులు మాకిచ్చింది. ఆవిడ భర్త కొండ రైతుల దగ్గర చింతపండూ పసుపూ కొని కిందికి పంపే వ్యాపారం చేస్తూ అక్కడే కన్నుమూశాడట. పిల్లల్లేరు. ఆవిడకున్నదల్లా ఆ ఇల్లూ, ఒక ఆవూ, వీధి చివరిదాకా వినిపించే గొంతూ. వరసేమీ లేకపోయినా నేను పిన్నీ అని పిలిచేదాన్ని. నాకూ నోరు తక్కువేం కాదు కనుక మా ఇద్దరికీ చక్కగా కుదిరింది.

ఆ ఏడు వానాకాలంలో, మా బళ్ళో చదివే ఒక పిల్ల తండ్రి, పై ఊరి రైతు, తను తడుస్తూ ఒక కుక్కపిల్లని మాత్రం తడవకుండా బుట్టలో పెట్టి తెచ్చి నా చేతికిచ్చాడు. గుప్పెడంత ఉంది, ఎర్రమట్టి రంగు, ఒక చెవి నిలబడితే ఇంకొకటి వాలిపోయేది. మా ఆయన దానికి టైగర్ అని పేరు పెట్టి తానే మురిసిపోయారు. సాయంత్రం ఆవుని తోలుకొచ్చిన పిన్ని దాన్ని చూసి నడుంమీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏటమ్మా, ఇల్లు సూసినప్పుడు ఇద్దరమన్నారు, ఈ మూడోవోడు ఎక్కడ్నించొచ్చినాడు?"

ఆవిడకి కుక్కలంటే చెప్పలేనంత భయం, ఆ భయాన్ని కోపంతో కప్పుకునేది. పైగా ఇల్లు ఆవిడది, అడిగే హక్కు ఆవిడకుంది. ఆ పూట పెట్టిన షరతులు ఇప్పటికీ ఆవిడ గొంతుతోనే నాకు వినిపిస్తాయి. "నా వసారా ఎక్కకూడదు. నా ఆవుని బెదరగొట్టకూడదు. అది సేసిన రొచ్చు నువ్వే ఎత్తాల. పగలు మీరు ఇంట్లో లేనప్పుడు కట్టేసుండాల." నేను అన్నిటికీ సరేనన్నాను. సరేననడమే కాదు, అక్షరాలా పాటించాను. పొద్దున్నే బడికి వెళ్ళబోయేముందు దాన్ని రోడ్డువెంట నడిపించి తెచ్చేదాన్ని, పెరడు ఊడ్చి మన్ను చల్లేదాన్ని, సాయంత్రం కాఫీ తోటల గట్లంట వదిలి పరిగెత్తనిచ్చేదాన్ని. పగటిపూట పెరట్లో పాతిన గుంజకి గొలుసు. మా ఆయన నర్సీపట్నం వెళ్ళినప్పుడు కొనుక్కొచ్చిన గట్టి గొలుసది, దాని కొక్కెం ఒక చేత్తో నొక్కి పట్టుకుని ఇంకో చేత్తో తిప్పితేనే ఊడేది.

అక్కడి కొండవాళ్ళకి ఆ గొలుసు పెద్ద వింత. వాళ్ళ కుక్కలు వాళ్ళతోపాటే పొలానికి వెళ్ళి, వాళ్ళతోపాటే తిరిగొచ్చి, అరుగుమీద పడుకునేవి. కుక్కపిల్లని తెచ్చిచ్చిన రైతు ఒకసారి సంతకి దిగినప్పుడు చూడటానికి వచ్చి, గుంజ దగ్గర కూర్చుని దాని మెడ నిమురుతూ, "ఏటి తప్పు సేసిందని కట్టినారు టీచరమ్మా?" అని నవ్వాడు. ఎవరి కోడినో పట్టిన కుక్కనే వాళ్ళు కడతారట, అదీ ఒక పూట. అద్దె ఇంటి మర్యాద ఇది అని చెబితే ఆయనకి అర్థం కాలేదు, చెప్పలేక నేనూ నవ్వేశాను.

పిన్నికి మాత్రం రోజూ ఒక ఫిర్యాదు ఉండాల్సిందే. మీ గుంటడు నన్ను చూసి తోకాడించాడు, మీ గుంటడు నా ఆవుతో కబుర్లాడుతున్నాడు, మీ గుంటడికి సిగ్గులేదు. గుంటడంటే వాళ్ళ వైపు కుర్రాడు. ఇలా గుంటడు గుంటడు అని ఆవిడ అరవగా అరవగా వాడు టైగర్ అన్న పేరు పూర్తిగా మర్చిపోయి, ఒరే గుంటడా అంటే తప్ప తల తిప్పేవాడు కాదు. కొన్నాళ్ళకి ఆవిడ గంజి వార్చి, అందులో రెండు మెతుకులేసి, ఆ చిప్పని కర్రతో అల్లంత దూరంనుంచి వాడి ముందుకి తోసేది. వాడు తినేదాకా అక్కడే నిలబడి తిట్టేది. నేను బడినుంచి వచ్చేసరికి తిట్లు వినబడితే వాడికి అన్నం దొరికిందని తెలిసేది. అంత చేసినా ఒక్కనాడు వాణ్ణి ముట్టుకోలేదు.

పిచ్చికుక్క సూది వేయించాలని మేమూ తాపత్రయపడ్డాం. పశువులాసుపత్రి కింద ఎక్కడో ఉంది. సెలవు పెట్టి, బస్సువాణ్ణి బతిమాలి, గోనెసంచి పరిచి వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాం. మందు ఐసులో పెట్టి తేవాలి, ఇంకా రాలేదన్నారు. మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ రాలేదన్నారు. వచ్చినప్పుడు కబురు పెడతామని అక్కడి కాంపౌండరు పాపం మంచిగానే చెప్పాడు.

వలిసె చేలు పూసి కొండవాలంతా పసుపుపచ్చగా ఉన్న రోజులవి. ఆ రోజు సంత. నేను బళ్ళో ఉన్నాను, మా ఆయన ఆఫీసులో. జరిగిందంతా తర్వాత పిన్ని చెబితే తెలిసిందే. పిచ్చికుక్క, పిచ్చికుక్క అని సంత వైపునుంచి కేకలు వినపడ్డాయట. వీధిలో విచ్చలవిడిగా తిరిగే కుక్కలన్నీ దాని వాసన పసిగట్టి ఎవరూ చెప్పకుండానే కొండమీదికి పారిపోయాయి. మా వాడు గుంజచుట్టూ తిరుగుతూ గొలుసు లాక్కుంటున్నాడు. పెరటికి దడి తప్ప గోడ లేదు. పిన్ని, కుక్క నీడ పడితేనే చీర కుచ్చిళ్ళు ఎత్తుకునే మా పిన్ని, వసారా దిగి పరిగెత్తుకెళ్ళి వాడి మెడ పట్టుకుంది. కానీ ఆ కొక్కెం ఎప్పుడైనా ముట్టుకుని ఉంటే కదా! నొక్కిందట, లాగిందట, పళ్ళతో కొరికిందట. అది ఊడలేదు. దడి సందులోంచి ఆ కుక్క దూరేసరికి పక్కింటివాళ్ళు ఈవిడ రెక్క పట్టుకుని బలవంతాన వసారాలోకి లాక్కుపోయారు.

నేను వచ్చేసరికి ఆ కుక్కని ఎవరో కొట్టి చంపారు. మా వాడు మూతినిండా నెత్తురుతో, గుంజని ఆనుకుని, నన్ను చూసి తోకాడించాడు. పిన్ని నా రెండు చేతులూ పట్టుకుంది. "ఎలగ తియ్యాలో తెల్దమ్మా. నాకు తెల్దమ్మా." అదొక్కటే మాట, ఎన్నిసార్లు అందో. బళ్ళోకి కబురొచ్చిన దగ్గర్నుంచీ దారిపొడుగునా ఆవిణ్ణి ఏమేం అనాలో పోగేసుకుంటూ వచ్చినదాన్ని, ఆ చేతులు చూశాక అన్నీ మర్చిపోయాను. వేళ్ళన్నీ చీరుకుపోయి ఉన్నాయి.

మా ఆయన వాడి గాయాలు సబ్బుతో కడిగారు. ఆయనా పిన్నీ కూడా ఆసుపత్రికెళ్ళి ఆ రోజుల్లో బొడ్డుచుట్టూ పొడిచే సూదులు పొడిపించుకొచ్చారు. వాడికి వేయడానికి మాత్రం అప్పటికీ మందు లేదు. ఊళ్ళో పెద్దలు వచ్చి, ఉంచడం మంచిది కాదని నెమ్మదిగానే చెప్పారు. వాళ్ళ భయం వాళ్ళది, పిల్లలున్నవాళ్ళు. పిన్ని గుమ్మానికి అడ్డంగా నిలబడి, రోగం కనిపిస్తే అప్పుడు రండి, ఈలోపు ఎవరూ నా గడప తొక్కొద్దని అరిచింది. ఆవుని తీసుకెళ్ళి పక్కింటివాళ్ళ దొడ్లో కట్టేసి, ఆవు సాల వాడికిచ్చేసింది. తలుపు గట్టిగా బిగించి, కిందనుంచి చిప్ప తోసే సందు మాత్రం ఉంచాం. గొలుసు తీసేశాం.

ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే మా పని. వాడు హాయిగా తింటున్నాడు, ఆడుతున్నాడు, తలుపు సందులోంచి మూతి పెట్టి పిలుస్తున్నాడు. పిన్ని పొద్దస్తమానం ఆ సాల ముందు పీట వేసుకుని కూర్చుని వాడికి ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. ముట్టుకోవాలని ఆవిడకి మనసు పుట్టేసరికి ముట్టుకోకూడని రోజులొచ్చాయి. సందులోంచి వచ్చిన ఆ మూతిని చూసి చెయ్యి చాపి, గుర్తొచ్చి, చెయ్యి ఒళ్ళో పెట్టుకునేది. పూలన్నీ రాలిపోయాయి, వలిసెలు కోతకొచ్చాయి, వాడికేమీ కాలేదు. గండం గడిచిందని నేను మొక్కులు కూడా మొక్కాను.

ఒకరోజు పొద్దున వాడి అరుపు మారిపోయింది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, ఊళ పెట్టినట్టు. చిప్పలో నీళ్ళ దగ్గరికి వస్తాడు, దాహం, వాటివంకే చూస్తాడు, మూతి పెడతాడు, గుటక పడదు. వెనక్కి వెళ్ళిపోతాడు, మళ్ళీ వస్తాడు. అయ్యో, పగవాళ్ళకి కూడా వద్దు ఆ చూపు. పిన్ని తలుపవతల నిలబడి, ఒరే గుంటడా, నేన్రా, ఒరే గుంటడా అని పిలిచింది. ఇంతకుముందు ఆ గొంతు వీధి చివర వినిపిస్తేనే గెంతేవాడు. తల తిప్పలేదు. మేమెవరమో వాడికిక తెలియలేదు. మధ్యాహ్నానికి మా ఆయన వెళ్ళి ఆ కాంపౌండరుని తీసుకొచ్చారు. ఆయన చాలా జాగ్రత్తగా సూది వేసి వాడి బాధ తప్పించాడు. పెరటి అవతల లోతుగా గొయ్యి తీసి పూడ్చాం.

నేనే కట్టించినాను, నేనే కట్టించినాను అని పిన్ని ఆ తర్వాత ఎన్ని రోజులు అందో. కాదు పిన్నీ అని నేనెంత చెప్పినా నమ్మలేదు. ఇంకో గుంటణ్ణి తెచ్చుకోండి, నా వసారామీదే తిరగనీ, కట్టొద్దు అని బతిమాలింది. తేలేకపోయాం. మరుసటేడు బదిలీ వచ్చి సామాను సర్దుకుంటే పిన్నీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఆవిడ పోయిందన్న కబురు చాలా ఏళ్ళకి, ఎవరి ద్వారానో తెలిసింది.

ఇప్పుడు రోజులు మారాయి, మంచికే మారాయి. కొండమీది ఊళ్ళకే పశువుల డాక్టర్లు వచ్చి కుక్కలకి సూదులు వేసి వెళుతున్నారు. ఇళ్ళకి గోడలున్నాయి, గేట్లున్నాయి. అద్దెకొచ్చేవాళ్ళు అడక్కుండానే అన్నీ చెబుతున్నారు. సంతోషించాల్సిందే, సంతోషిస్తున్నాను కూడా, కానీ ఆ సంతోషం గొంతు దిగేటప్పుడు ఎక్కడో గుచ్చుకుంటుంది. పిన్ని పెట్టిన షరతుల్లో ఒక్కటీ అన్యాయం కాదు, మేము ఒక్కటీ తప్పలేదు. కాంపౌండరు అబద్ధం చెప్పలేదు, ఊరి పెద్దలు తొందరపడలేదు. ఆ కరిచిన కుక్క మాత్రం కావాలని కరిచిందా, అదీ జబ్బుతోనే పోయింది. నా బతుకులో ఏ కష్టమొచ్చినా తిట్టిపోయడానికి ఎవరో ఒకరు దొరికేవారు, ఎవరూ లేకపోతే మా ఆయన ఉండేవారు. అలా నోరారా తిట్టేస్తేగాని నా మనసు తేలికపడేది కాదు. మా గుంటడి విషయంలో మాత్రం ఇన్నేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను, తిట్టడానికి ఒక్క మనిషీ దొరకలేదు.