సున్నా తిప్పితే లండన్

మా పసుపు ఎగుమతి ఆఫీసులో కొత్త టెలిఫోన్ బోర్డు పెట్టారు. సున్నా తిప్పితే ఎవరి బల్ల దగ్గర వాళ్లకే బయటి లైను వస్తుంది. అందుకని వచ్చే నెల నుంచి ఆపరేటరు అక్కర్లేదన్నారు మేనేజరు గారు. ఆ ఆపరేటర్ని నేనే.

ఈ ఉదయం ఆయన సున్నా తిప్పి, లండన్ వ్యాపారి కార్డులోని అంకెలన్నీ వరసగా తిప్పారు. విదేశాలకు ట్రంకు కాల్ బుక్ చేయాలని నేను చెప్పబోతే చెయ్యెత్తి ఆపేశారు. ఎక్స్ఛేంజీ మాత్రం మన ఊరి నంబరుకు చాలినన్ని అంకెలు తీసుకుని మిగతావి వదిలేసింది. ఎవరో పలికారు. ఆయన లేచి నిలబడి, ఇంగ్లీషులో మా పసుపు రంగూ వాసనా వర్ణించారు.

అంతా విని అవతలావిడ అడిగిన మాట నాకూ వినిపించింది. “ఇంగ్లీషొచ్చిన మా తమ్ముడు కాలేజీకెళ్లాడండీ. ఇంతకీ ఎవరన్నా పోయారా?”

ఆయన ఫోన్ పెట్టేసి, “లండన్లో మనవాళ్లు మరీ ఎక్కువైపోయారమ్మా” అన్నారు. కాసేపయ్యాక, “నువ్వే ట్రంకు బుక్ చెయ్యి. లండన్ పలికేదాకా బోర్డు వదలొద్దు” అన్నారు.

బుక్ చేశాను. సాయంత్రం దాకా పలకలేదు. వచ్చే నెలలో కూడా పలక్కూడదని కోరుకుంటున్నాను. తప్పంటారా?